400 బెల్టు మూడు కత్తులకే అయిపోతోందంటే తప్పు బెల్టుదేనా?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర పల్లె. నాయన కొలిమి పని చేసేవాడు. నేను లారీ కమాన్ పట్టీలతో మటన్ షాపుల కత్తులు, ఇంట్లో వాడే కత్తులు చేస్తున్నా, పాత కత్తులకు సాన కూడా పడుతున్నా. రెండంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు గరుకు బెల్టు తిరిగే సాన మిషన్ వెల్డింగ్ షాపులో చేయించుకున్నా. మోటారు 2880 ఆర్‌పీఎం, దానికి నేరుగా నాలుగంగుళాల వీల్. ముందు ముతక 60 నంబరు బెల్టు, తర్వాత 120, ఆ తర్వాత బాగా సన్న గింజల 400 ఎక్కిస్తా. 60, 120 బాగానే ఆగుతున్నాయి గానీ 400 మాత్రం రెండు మూడు కత్తులకే నున్నగా అయిపోతోంది. గీతలు పోవు, కత్తి వేడెక్కి కొన దగ్గర నీలం తిరుగుతోంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే సిరామిక్ గింజల బెల్టు తీసుకో, ఎక్కువ రోజులు వస్తుంది అన్నారు, ధర చూస్తే మూడింతలు. దసరాకి ముందు పని బాగా వస్తుంది, ఈలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఏ కంపెనీ బెల్టు కొనమంటారు?

సమాధానం:

తమ్మీ, అడిగిన దానికి ముందు సూటిగా చెప్తా. 400లో సిరామిక్ కోసం డబ్బు పెట్టకు. అంత పెట్టాలనుకుంటే 60లో పెట్టు, అక్కడ అది నిజంగానే పని చేస్తుంది. సన్న నంబర్లలో ఎక్కువ రోజులు ఆగే బెల్టు వేరే రకం ఉంది, దాని సంగతి కింద రాస్తా. అయితే ఆ బెల్టు రేపే తెచ్చి ఇప్పుడున్న మిషన్ మీద, ఇప్పుడు చేస్తున్న పద్ధతిలోనే ఎక్కిస్తే దాన్ని కూడా చంపేస్తావు. నీ ఉత్తరంలోనే రెండు మాటలు ఉన్నాయి, 120 తర్వాత 400 అని ఒకటి, 2880 మోటారుకి నాలుగంగుళాల వీల్ అని ఇంకొకటి. సగం జబ్బు అక్కడే ఉంది.

మొదటిది చూద్దాం. పీ60 బెల్టు మీద గింజ సగటున 269 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పీ120 మీద 125, పీ240 మీద 58, పీ400 మీద 35. అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి గింజ సుమారు సగం అవుతోంది, అది చాలు. నువ్వు 60 నుంచి 120కి సరిగ్గానే దిగావు, ఆ తర్వాత 125 నుంచి ఒక్కసారి 35కి దూకావు. 120 గింజ చేసిన లోతు గాడిని 400 గింజ తవ్వి తీయాలి. ఆ గింజ మన తల వెంట్రుకలో సగం మందం, అందులోనూ జిగురు పైకి తేలి ఉండేది కొంతే. ఆ కొన కాస్త అరిగిందంటే ఇక కోయడానికి ఏమీ మిగలదు, ఇనుము మీద రుద్దుకుంటూ పోతుంది, రుద్దితే వేడి, వేడెక్కినకొద్దీ ఇంకా గట్టిగా నొక్కుతావు, నొక్కితే ఇంకా వేడి. కాబట్టి మధ్యలో 220 గానీ 240 గానీ పెట్టు. 'ఇంకో బెల్టు ఖర్చు కదా' అనిపిస్తుంది, కానీ ఈ మధ్య బెల్టు చవక, చాలా కత్తులకు వస్తుంది, 400 మీద పడే భారమంతా అదే మోస్తుంది.

మెట్టు పూర్తయిందో లేదో కంటికి తెలియాలంటే ప్రతి నంబరుకి కత్తి పట్టే కోణం కాస్త మార్చు. 120 గీతలు నిటారుగా పడ్డాయనుకో, 240 దగ్గర కత్తిని కొంచెం వాలుగా పట్టు. వాలు గీతల మధ్య నిటారు గీత ఒక్కటి కనిపించినా 400 ముట్టుకోవద్దు. ట్యూబ్‌లైట్ నెత్తి మీద ఉంటే ఈ గీతలు కనబడవు, ఒక బల్బు పక్కనుంచి పడేలా పెట్టుకో. తొందరగా వదిలేసేది ఎప్పుడూ కత్తి మూలం దగ్గర, కొన దగ్గర, ఆ రెండు చోట్లా ఆగి చూడు.

నంబర్ల గురించి ఇంకో చిన్న మాట. బెల్టు వెనక అంకె ముందు పీ ఉందా లేదా చూడు. పీ400 అంటే 35 మైక్రాన్లు, పీ లేకుండా అమెరికా లెక్కలో 400 అంటే సుమారు 23 మైక్రాన్లు, అంటే మన పీ800కి దగ్గర. ఒకసారి ఇది, ఇంకోసారి అది తెచ్చుకుని 'పోయినసారి బాగుంది, ఈసారి సరుకు దెబ్బతింది' అనుకునేవాళ్లు ఉన్నారు. రంగు చూసి కూడా కొనొద్దు, నీలం అయితే జిర్కోనియా అనే రకం గింజ, ఎరుపు అయితే సిరామిక్ అని చాలామంది అనుకుంటారు గానీ ఆ రంగు కంపెనీ కలిపేది, వెనక అచ్చు వేసిన పేరే సాక్ష్యం.

ఇప్పుడు సిరామిక్ సంగతి. దుకాణంలో చెప్పింది అబద్ధం కాదు, నీ అవసరానికి అతకలేదు, అంతే. సిరామిక్ గింజ గొప్పతనం ఏమిటంటే నొక్కుడుకి దాని మొన సన్నగా చిట్లి కొత్త మొన బయటపడుతుంది, తనకు తానే పదును పెట్టుకుంటుంది. చిట్లాలంటే వేగం కావాలి, గట్టి నొక్కుడు కావాలి. 36, 60 నంబర్లతో కమాన్ పట్టీ నుంచి మందం తీసేటప్పుడు రెండూ ఉంటాయి, అక్కడ అది మామూలు అల్యూమినియం ఆక్సైడ్ బెల్టుని చాలా వెనక్కి నెట్టేస్తుంది. 400 దగ్గర నువ్వు మెల్లగా ఆనించాలి, ఆ మెల్లటి చేతికి సిరామిక్ గింజ చిట్లదు, మొద్దుబారి మెరిసిపోతుంది, మామూలు బెల్టు ఎలా పోతుందో అలాగే పోతుంది, మూడింతల డబ్బు తిని మరీ. జిర్కోనియా కూడా అంతే, ముతక పనికే. నల్లగా ఉండే సిలికాన్ కార్బైడ్ మొదట్లో భలే కోస్తుంది, కానీ ఉక్కు మీద తొందరగా అరుగుతుంది. అది రాయికి, గాజుకి మంచిది, కత్తికైతే చివర్లో చేత్తో రుద్దే వాటర్ పేపర్ రూపంలో బాగుంటుంది.

సన్న నంబర్లలో నిజంగా ఎక్కువ రోజులు ఆగేది అచ్చు పోసిన గింజల బెల్టు. 3ఎం వాళ్ల ట్రైజాక్ట్, నార్టన్ వాళ్ల నోరాక్స్ ఈ రకమే. మామూలు బెల్టు మీద గింజలు ఒకే పొర, అది అరిగితే కథ ముగిసింది. ఇందులో బట్ట మీద కంటికి కనబడీ కనబడనట్టు చిన్న చిన్న పిరమిడ్లు వరసగా ఉంటాయి, ఒక్కో పిరమిడ్ లోపల పైనుంచి కిందిదాకా గింజలు నింపి ఉంటాయి, పైది అరిగితే కింద ఉన్నది పైకి వస్తుంది. దీనివల్ల బెల్టు ఎక్కువ రోజులు రావడం ఒక లాభం, నాకైతే దానికన్నా నచ్చేది మొదటి కత్తికీ పదో కత్తికీ మెరుగు ఒకేలా రావడం. మామూలు 400 కొత్తగా ఉన్నప్పుడు 320లా గీస్తుంది, ముసలిదైతే 600లా తుడుస్తుంది, నీ షాపులో ఒకే వరుసలో పెట్టిన రెండు కత్తులు రెండు రకాలుగా మెరుస్తాయి.

ట్రైజాక్ట్ నంబరింగ్‌తో జాగ్రత్త. నంబరు ముందు ఇంగ్లిష్ 'ఏ' (A) ఉంటుంది, దాని తర్వాత వచ్చేది మైక్రాన్ల లెక్క, అంకె తగ్గేకొద్దీ సన్నం అవుతుంది, మనకు అలవాటైన దానికి తలకిందులు. ఏ45 సుమారు పీ400, ఏ30 సుమారు పీ600, ఏ16 సుమారు పీ1200. నీకు కావాల్సింది ఏ45 ఒక్కటే, ఎక్కువలో ఎక్కువ ఏ30. షాపులో '300 ఇవ్వండి' అన్నావంటే ఏ300 చేతిలో పెడతారు, అది చాలా ముతక. బెల్టు లోపలి వైపు బాణం గుర్తు ఉంటే ఆ దిక్కుకే తిరిగేలా ఎక్కించు. కొత్త బెల్టుని నేరుగా మంచి కత్తికి ఆనించకు, ముందు పనికిరాని పట్టీ ముక్క మీద కాసేపు తిప్పితే పిరమిడ్ల పై మొనలు సమానం అవుతాయి, లేకపోతే మొదటి కత్తి మీద అక్కడక్కడా లోతు గీత పడుతుంది. ఇది కోతలో నెమ్మది అని కూడా తెలుసుకో. 120 గీతలు తీయమంటే తీయదు, పదునైన అంచు తగిలితే పిరమిడ్లు ఊడిపోతాయి. ముందు మెట్లు శుభ్రంగా దిగినవాడికే ఇది లాభం.

ఇక వేగం. నాలుగంగుళాల వీల్ 2880 మీద తిరిగితే బెల్టు సెకనుకి సుమారు 15 మీటర్లు పోతోంది. వీల్ వ్యాసాన్ని మీటర్లలో పెట్టి, 3.14తో, ఆర్‌పీఎంతో గుణించి 60తో భాగిస్తే వస్తుంది, నువ్వే వేసుకోవచ్చు. 60 బెల్టుకి, సిరామిక్‌కి అది చక్కటి వేగం. 400కి ఎక్కువ, సగానికి దిగాలి, అంతకన్నా తగ్గినా నష్టం లేదు. దారులు రెండు. మోటారు త్రీ ఫేజ్‌ది అయితే వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగాన్ని తగ్గించి పెంచే డబ్బా, పెట్టుకో, ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటు తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే రకం దొరుకుతుంది. 50 హెర్ట్జ్ నుంచి 25కి దించితే బెల్టు 7.5 మీటర్లకి వస్తుంది. అయితే మోటారు ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది కాబట్టి తక్కువ వేగంలో గంటల తరబడి నడిపితే మోటారు వేడెక్కుతుంది, మధ్యమధ్యలో చేయి పెట్టి చూడు. ఆ వీఎఫ్‌డీ డబ్బాని మిషన్ పక్కనే తెరిచి పెట్టొద్దు, ఇనుప పొడి కరెంటు పాస్ చేస్తుంది, మూత ఉన్న పెట్టెలో దూరంగా గోడకి బిగించు. ఇంత ఖర్చు ఇప్పుడే వద్దనుకుంటే పాత 1440 మోటారు ఒకటి చూసి సన్న బెల్టులకే ఇంకో చిన్న మిషన్ నిలబెట్టు, చాలామంది అలాగే చేస్తారు, బెల్టు మార్చే గొడవ కూడా తగ్గుతుంది. చిన్న వీల్ వేసి వేగం తగ్గిద్దామనుకోకు, రెండంగుళాల వీల్ మీద బెల్టు జారుతుంది, పక్కకి పాకుతుంది.

కొన నీలం తిరగడం గురించి నువ్వు మాటల్లో మాటగా రాశావు, నాకు బెల్టు కన్నా పెద్ద విషయం అదే. కత్తికి టెంపర్ ఇచ్చేటప్పుడు, అంటే గట్టిపరిచాక పెళుసు పోవడానికి మళ్లీ కాస్త వేడి చేసేటప్పుడు, లేత గడ్డిరంగు వచ్చేది 200 డిగ్రీలు దాటాక, నీలం వచ్చేది 300 దగ్గర్లో. అంటే ఆ కొన మీద నువ్వు తెలియకుండానే ఇంకోసారి టెంపర్ చేశావు, అక్కడ ఉక్కు మెత్తబడింది. 400తో తుడిస్తే రంగు పోతుంది, మెత్తదనం పోదు. కొన్నవాడు రెండు వారాలకి వచ్చి 'కొన నిలబడట్లేదు' అంటే కారణం ఇదే. నీలం తిరిగినంత మేర ఉక్కుని తీసేయాలి, లేదంటే మళ్లీ మొదటినుంచి కాల్చి నూనెలో ముంచి టెంపర్ ఇవ్వాలి, మధ్యేమార్గం లేదు. సాన దగ్గర చేతికి గ్లవుజు లేకుండా పట్టుకుంటే వేడి నీకే ముందు తెలుస్తుంది, చెయ్యి కాలేలోపు బకెట్లో ముంచు. సన్న బెల్టు దగ్గరికి మాత్రం తడి కత్తితో రావద్దు, గుడ్డతో తుడుచుకుని రా. తడికి ఇనుప పొడి బురదలా గింజల మధ్య అతుక్కుంటుంది.

కాల్చిన పట్టీ మీద నల్ల పొలుసు ఉంటుంది చూడు, అది లోపలి ఉక్కు కన్నా గట్టి. దాని మీద కొత్త బెల్టు ఏదీ పెట్టకు. ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి పొద్దున్నే ఇనుప బ్రష్‌తో రుద్దితే చాలావరకు ఊడిపోతుంది, తర్వాత కడిగి వెంటనే ఆరబెట్టు, లేకపోతే తుప్పు. మిగిలినదానికి అరిగిపోయిన 60 బెల్టు వాడు. అరిగిన ముతక బెల్టులు పారేయకుండా ఒక పక్కన పెట్టు, పొలుసు తీయడానికి, కత్తి వీపు మూలలు గుండ్రం చేయడానికి అవే సరిపోతాయి. ఆ మూలలు కూడా ముఖ్యమే. వీపు వైపు మూల చురుగ్గా ఉంటే సన్న బెల్టుని నిలువునా గీరేస్తుంది, ఒక్క దెబ్బకి రెండంగుళాల బెల్టులో అరంగుళం పనికిరాకుండా పోతుంది.

సాన కోసం వచ్చే పాత కత్తుల విషయం వేరు. మటన్ షాపు కత్తి మీద కొవ్వు పొర ఉంటుంది, చూస్తే కనబడదు, వేలితో రుద్దితే తెలుస్తుంది. దసరాకి, బక్రీద్‌కి ముందు అవన్నీ ఒకేసారి వస్తాయి, ఆ హడావుడిలో ఎవరూ కడగరు, నేరుగా బెల్టుకి ఆనిస్తారు. కొవ్వు, ఇనుప పొడి కలిసి సన్న గింజల మధ్య నల్ల మైనంలా పట్టేస్తుంది, అరగకముందే బెల్టు చచ్చిపోతుంది. వచ్చిన కత్తులన్నీ ముందు వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టించు. ఇంకోటి, పదును ఉన్న కత్తిని అంచు బెల్టుకి ఎదురుగా పెట్టి రుద్దకు, బెల్టు పోయే దిక్కుకే అంచు ఉండాలి. ఎదురు పెడితే బెల్టు కోసుకుపోతుంది, తెగిన బెల్టు ముఖం మీదికి వస్తుంది. కొత్తగా చేసే కత్తులకైతే సన్న బెల్టుల పనంతా అంచు ఇంకా మొద్దుగా, అర మిల్లీమీటరు దగ్గర ఉన్నప్పుడే ముగించి, పదును చిట్టచివర పెట్టు.

నున్నగా అయిన బెల్టుని పారేసే ముందు అది నిండిందా అరిగిందా చూడు. గింజల మధ్య బూడిదరంగు మెరుపు పొర పట్టి ఉంటే నిండింది, ముడి రబ్బరు దిమ్మ గానీ, పాత క్రేప్ చెప్పు అట్ట గానీ తిరిగే బెల్టుకి ఆనిస్తే చాలావరకు ఊడివస్తుంది. శుభ్రంగానే ఉండి వేలితో తాకితే గరుకు తెలియకపోతే అరిగింది, దానికి ఏ మందూ లేదు.

బెల్టు వెనక ఉండే ఇనుప పలకని కూడా ఒకసారి చూడు. మధ్యలో గాడి పడితే బెల్టు అంచులు మాత్రమే కోస్తాయి, అవే ముందు పోతాయి. పలక మీద గ్రాఫైట్ పూసిన గుడ్డ అతికిస్తే రాపిడి, వేడి రెండూ తగ్గుతాయి, బెల్టు రెండు కొసలు అతికిన జాయింటు దగ్గర టక్ టక్ మని కొట్టడం కూడా తగ్గుతుంది.

జాయింటు అన్నాను కాబట్టి నిల్వ సంగతి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద ఎంత వేడి ఉంటుందో నీకు నేను చెప్పాలా, ఆ వేడికి జాయింటు టేపు జిగురు పాడైపోతుంది, వానల్లో నూలు బట్ట తడి పీల్చి బెల్టు వంకర తిరుగుతుంది. బెల్టులు ఉండాల్సింది 20 డిగ్రీల దగ్గర అని తయారీవాళ్లు చెప్తారు, అది మన వల్ల కాదు, కనీసం షెడ్డులో కాకుండా ఇంట్లో చల్లటి గదిలో పెట్టు. మేకుకి కాకుండా నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కకి తగిలించు, మేకు దగ్గర మడత పడితే అక్కడ గింజలు రాలతాయి. సాయంత్రం పని అయ్యాక మిషన్ మీద బెల్టు బిగువు (టెన్షన్) వదులు చెయ్యి. చవక అని ఒకేసారి యాభై కొని పెట్టుకోకు, రెండు మూడు నెలలకి సరిపడా కొను. రోల్ నుంచి కోసి జాయింటు వేసి ఇచ్చే షాపులో కొంటే ప్రతి బెల్టు జాయింటు వేలితో తడిమి చూడు, మెట్టులా తగిలితే తిరిగి ఇచ్చెయ్. వడ్రంగి పనికి అమ్మే బెల్టులు మాత్రం వద్దు, గింజలు దూరదూరంగా ఉంటాయి, చెక్కకి మంచివే, ఉక్కు ముందు నిలబడవు. బట్ట విషయంలో, పలక మీద చదునుగా రుద్దేదానికి ఎక్స్ రకం గట్టి బట్ట తీసుకో, గుండ్రంగా తిప్పే చోటుకి జే ఫ్లెక్స్ అనే మెత్తటి రకం.

ఇదంతా అయ్యాక ఒక మాట అడుగుతా, మటన్ కత్తికి 400 మెరుగు ఎందుకు? రోజూ మొద్దు మీద కొట్టే కత్తి అది. 240 దగ్గర ఆపి, స్కాచ్ బ్రైట్ బెల్టు ఒకటి వాడితే సరిపోతుంది. గిన్నెలు తోమే పచ్చ పీచు జాతిదే అది, మెరూన్ రంగుది మధ్యరకం, నీలం బాగా సన్నం. అది ఉక్కుని పెద్దగా తీయదు, గీతల్ని కలిపేసి ఒక మసక మెరుపు ఇస్తుంది, చాలా రోజులు వస్తుంది. గీతలు స్ఫుటంగా కనబడాల్సిన చోట మాత్రం వాడకు, అంచులన్నీ గుండ్రం చేసేస్తుంది. ఖరీదుగా అమ్మే నాలుగు కత్తులకి ఏ45 వరకు వెళ్లి, ఆపైన వాటర్ పేపర్‌ని చదును చెక్కకి చుట్టి చేత్తో రుద్దు.

కంపెనీ పేరు అడిగావు. మామూలు 60, 120, 240కి మన దగ్గర దొరికే కుమీ, నార్టన్ ఏదైనా ఫరవాలేదు, ఎవరి దగ్గర తాజా సరుకు ఉంటే వాళ్లది తీసుకో. ధర మాత్రం బెల్టుకి కాదు కత్తికి లెక్కెయ్. 150 రూపాయల బెల్టు మూడు కత్తులకి వచ్చిందనుకో, కత్తికి 50 పడింది, అదే 600ది ఇరవైకి వస్తే 30. ఈ అంకెలు ఉదాహరణకే, నీ అసలు లెక్క నీకే తెలియాలి, బెల్టు లోపలి వైపు మార్కర్‌తో కత్తికో గీత పెట్టుకుంటూ పో. ఈసారికి నేనైతే రెండు 240, ఒక్క ఏ45, ఒక మెరూన్ స్కాచ్ బ్రైట్ తెచ్చుకుంటా, సిరామిక్ 60 ఒకటి చూడాలనిపిస్తే చూడు.

సన్న బెల్టు దుమ్ము కంటికి కనబడదు కాబట్టి ముక్కుకి తువ్వాల చుట్టుకుంటే లాభం లేదు, ఎన్95 పెట్టుకో. ఇక మోటారు నేమ్‌ప్లేట్ మీద ఫేజ్, హెచ్‌పీ ఎంత రాసి ఉన్నాయో చూసి మళ్లీ రాయి, వీఎఫ్‌డీ ఎంతది పడుతుందో అది చూడకుండా చెప్పలేను. సింగిల్ ఫేజ్ మోటారు అయితే ఈ మామూలు వీఎఫ్‌డీ కొనకు, దానికి పనిచేయదు.